ఫార్మసీ చదివిన పోలీసమ్మ

ఫార్మసీ డిగ్రీ చేతికొచ్చిన రోజునే ఆమె ఏం చెయ్యాలో వాళ్ళ బావ నిర్ణయించేశాడు. బావకు పెయింట్ల షాపు ఉంది. షాపు పక్కన ఖాళీ గది ఉంది. మరదలి చేతిలో సర్టిఫికెట్ ఉంది. సోఫాలో కాలు మీద కాలేసుకుని ఆయన ఈ మూడింటినీ కలిపేశాడు.

"మందుల షాపు పెడదాం. పేరు నాది, సర్టిఫికెట్ నీది. అద్దం కట్టించి గోడకి తగిలిద్దాం. నువ్వు రోజూ రానక్కర్లేదు. నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టిపో, చాలు."

"నేను రాకపోతే మందులెవరిస్తారు బావా?"

"ఎవరో ఒకరిస్తారు. చీటీ మీద పేరుంటుంది, డబ్బా మీద పేరుంటుంది. రెండూ ఒకటేనా కాదా చూసి ఇవ్వడానికి నాలుగేళ్ళు చదవాలా?"

"చీటీలోనే తప్పు రాసుంటే?"

బావ భార్య వైపు తిరిగాడు. "చూశావా, మీ చెల్లెలు! మాట చెబితే ప్రశ్న తిరిగొస్తుంది."

అక్క నవ్వింది. అమ్మ నవ్వలేదు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టి కూతుర్ని చదివించింది ఆవిడ. ఆ కాగితం పెయింట్ డబ్బాల పక్కగదిలో ఒక్కటే వేలాడుతుండటం ఆవిడకూ మింగుడు పడలేదు. చిన్నకూతురు సర్టిఫికెట్ ఇవ్వనని చెప్పేసింది. బావ ముఖం మాడ్చుకుని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు నెలలు ఆమె ఫోను చేసినా "మీ అక్కకిస్తున్నా" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఆమె మొదట చేరింది బస్టాండు ఎదురుగా ఉన్న పెద్ద మందుల షాపులో. యజమాని మంచివాడే. జీతం ఆలస్యం చేసేవాడు కాదు, కూర్చోవడానికి స్టూలు వేయించాడు. చిక్కంతా ఆమె నోటితోనే వచ్చింది. ఎవరొచ్చి చీటీ చాపినా ఆరా తీయడం మొదలుపెట్టేది. మందు ఎవరికి? వయసెంత? ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా? ఇంతకుముందు ఏ మందైనా పడలేదా? ఆ లోపల బస్సు హారన్ కొట్టేది, వరసలో వెనకున్నవాళ్ళు గొణిగేవాళ్ళు.

ఒకరోజు ఒకాయన మోకాళ్ళ నొప్పికి మాత్రలు అడిగాడు.

"మీకేనా?"

"మా నాన్నకి."

"ఆయన ఇంకేం వాడుతున్నారు?"

"ఏవో వాడతాడమ్మా. గుండెకి ఏదో రోజూ ఒకటి. ముందు మాత్రలియ్యి, బస్సు వెళ్ళిపోతోంది."

"గుండెకి అంటే, రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్రేనా? ఇంటికి ఫోను చేసి పేరు చదవమనండి."

ఆయన బస్సు తప్పిపోయింది. ఫోను చేస్తే ఆ మాత్రేనని తేలింది. దానితో కలిపి ఈ నొప్పిమాత్ర వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చని చెప్పి, వేరేది ఇచ్చి, డాక్టరుకు చూపించమంది. ఆయన దండం పెట్టలేదు, కనీసం బాగుందనలేదు. "మందులు కొనడానికొస్తే పోలీసు కేసులా ఉంది" అనేసి మరో బస్సు కోసం పరిగెత్తాడు. వరసలో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఆ సాయంత్రం నుంచి షాపులో ఆమె పోలీసమ్మ. అట్టపెట్టెలు దించే హమాలీ దగ్గర్నుంచి ఎదురుగా టీ అమ్మే ఆయన దాకా అందరూ అదే పేరుతో పిలిచారు. తర్వాత ఎక్కడ పనిచేసినా ఆ పేరు ఆమెకంటే ముందే అక్కడికి చేరేది.

మూడు నెలలకు యజమాని మెల్లగా కదిపాడు. "అమ్మా, నువ్వు చెప్పేది తప్పని నేననను. కానీ నువ్వు ఒకళ్ళతో మాట్లాడేలోగా నలుగురు పక్క షాపుకి పోతున్నారు. లోపల సరుకు చూసుకుంటావా?" లోపల అట్టపెట్టెలను ఆరా తీయడం కుదరదు కదా. పోలీసమ్మ మానేసింది.

తర్వాత మాత్రల ఫ్యాక్టరీలో, పరీక్షలు చేసే విభాగంలో చేరింది. వరసగా ఆరు గాజు జాడీలు, వాటిలో ఒంటి వేడికి సరిపడా వేడినీళ్ళు. ఒక్కో జాడీలో ఒక్కో మాత్ర వేసి, అది ఎన్ని నిమిషాల్లో ఎంత కరిగిందో రాయాలి. ఆ పని ఆమె మనసుకు సరిపోయింది. ఇక్కడ ఎంత అడిగితే అంత మంచిది. జవాబు నీళ్ళే చెబుతాయి. కానీ ఒంటికి మందుల పొడి సరిపోలేదు. యాంటీబయాటిక్ తయారయ్యే వారాల్లో చేతుల మీద దద్దుర్లు తేలేవి. చేతి తొడుగులు మార్చింది, మాస్కు మార్చింది, విభాగం మార్చమని అడిగింది. ఎనిమిదో నెలలో ఒకరోజు కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. ఫ్యాక్టరీ డాక్టరు చూసి, "నీ ఒంటికి ఈ మందు పడదు. ఇంకోసారైతే ఊపిరి మీదికి రావచ్చు. ఇష్టమైన పనే అనుకో, అయినా వెళ్ళిపో" అన్నాడు. గేటు దాటేటప్పుడు ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. వాచిన కళ్ళకు అది కూడా సరిగ్గా కుదరలేదు.

మెడికల్ రెప్పుగా చేసింది పదకొండు రోజులు. పన్నెండోరోజున ఒక డాక్టరు, "మీ కంపెనీ మందుకీ అవతలివాళ్ళ మందుకీ తేడా ఏంటమ్మా?" అని అడిగాడు. "తేడా ఏం లేదండీ, రెండూ ఒకటే. వాళ్ళది కొంచెం చవక" అంది. పక్కనే నిలబడ్డ మేనేజరు దగ్గొచ్చినట్టు నటించాడు. మెట్లు దిగాక ఆమె చేతిలోని బ్యాగు తీసుకుని, "నీకు కోపం రాకూడదమ్మా, నాకూ పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాడు.

ఇంటి దగ్గర ఇదంతా విన్న బావ రెండు రోజులు కడుపుబ్బ నవ్వి, పాత మాట మళ్ళీ తీశాడు. "ఆ గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది మరదలా."

నాలుగో ఉద్యోగం మాత్రం అందరికీ నచ్చింది. పదో అంతస్తులో చల్లటి ఆఫీసు, తిరిగే కుర్చీ, రెండు తెరల కంప్యూటరు. మందులు వాడినవాళ్ళకు వచ్చిన ఇబ్బందుల మీద ఎక్కడెక్కడి నుంచో కాగితాలొస్తాయి. అవి చదివి, ఏ మందుకు ఏ ఇబ్బంది వచ్చిందో కంప్యూటరులో గడులు నింపాలి. జీతం బాగుండేది. అమ్మ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, మోకాళ్ళకు విశ్రాంతి ఇచ్చింది. పోలీసమ్మ అక్కడ నాలుగేళ్ళు పనిచేసింది, ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు.

లోటు ఏమిటని అడిగితే అప్పట్లో ఆమె కూడా చెప్పలేకపోయేది. కాగితంలో "రోగికి మైకం వచ్చింది" అని ఉంటుంది. ఎప్పుడు వచ్చింది, తిన్నాకా తినకముందా, నిలబడితేనా పడుకున్నా వచ్చిందా అని ఆమెకు నాలుక చివర దాకా వస్తుంది. అడగడానికి అవతల మనిషి లేడు. చివరి గడిలో, రోగి కోలుకున్నారా అన్న చోట, పదింటిలో ఆరింటికి "తెలియదు" అనే నొక్కాలి. రోజుకు ఇరవై మందో ముప్ఫై మందో అలా వచ్చి, ఏమయ్యారో చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

కాలేజీలో ల్యాబ్ నేర్పిన మాస్టారు ఒకసారి బ్యాంకులో కనిపించారు. ఏం చేస్తున్నావని అడిగి, అంతా విని, "పెద్దాసుపత్రిలో విషాల విభాగముంది, తెలుసా?" అన్నారు. ఎవరైనా పొరపాటున ఏదైనా మింగినా, తాగినా, పీల్చినా జనం అక్కడికి ఫోను చేస్తారు. ఫోనెత్తినవాళ్ళు అడగాల్సినవి అడిగి, ఇంట్లోనే ఉండొచ్చా, ఆసుపత్రికి పరిగెత్తాలా చెబుతారు. ఫార్మసీ చదివినవాళ్ళను తీసుకుంటారు, కానీ ఎవరూ రారు. "జీతం చూసి రారు" అన్నారు మాస్టారు నిజాయితీగా.

నిజంగానే జీతం సగమే. అమ్మ అంతా విని లేచింది. మిషను మీది గుడ్డ తీసి దులిపింది.

"నువ్వు మళ్ళీ కుట్టక్కర్లేదమ్మా. సరిపెట్టుకుందాం."

"కుట్టడానికి కాదే, దుమ్ము పట్టింది. నువ్వు చేరు. నాలుగేళ్ళుగా ఇంటికొచ్చి ఒక్క ముక్కయినా మాట్లాడావా? ఆ షాపులో చేసినప్పుడు అన్నం తింటూ కూడా వాగేదానివి."

బావ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "ఫోనెత్తే ఉద్యోగమా! మా షాపులో కూడా ఫోనుంది, మా గుమాస్తా ఎత్తుతాడు!"

విషాల విభాగమంటే ఆసుపత్రి పాతభవనంలో, దుప్పట్లు ఉతికే చోటు పక్కన ఒకే ఒక్క గది. రెండు బల్లలు, రెండు ఫోన్లు. గోడ నిండా బీరువాలు, వాటిలో మాత్రల అట్టలు, ఎలుకల మందు డబ్బాలు, బాత్రూము కడిగే ద్రావకాల ఖాళీ సీసాలు. ఫోనులో "నీలం మూత, మీద పులి బొమ్మ" అంటే వెంటనే తీసి చూసుకోవడానికి. గదికి పెద్ద ఒక డాక్టరమ్మ. అందరూ పెద్దమేడమ్ అంటారు. తక్కువ మాట్లాడుతుంది, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుకుతుంది.

చేరిన రెండో వారంలోనే పోలీసమ్మకు ఒక దెబ్బ తగిలింది. మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్న ఆడపిల్ల గొంతు.

"తమ్ముడు తలుపు వెనకాల డబ్బాలోది తాగాడు."

"ఏ డబ్బా తల్లీ? ఏ రంగు?"

"తెల్లది. అమ్మ బయటికెళ్ళింది."

"తమ్ముడు మాట్లాడుతున్నాడా? డబ్బా మీద ఏం రాసుందో చదువుతావా?"

పిల్ల డబ్బా కోసం వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఏదో కింద పడింది. లైను తెగిపోయింది. అప్పట్లో ఆ ఫోన్లకు నెంబరు కనిపించేది కాదు. మళ్ళీ మోగుతుందేమోనని పోలీసమ్మ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మోగలేదు. పెద్దమేడమ్ ఊళ్ళో ఉన్న పిల్లల ఆసుపత్రులన్నిటికీ స్వయంగా ఫోను చేసింది. అలాంటి పిల్లవాడెవరూ రాలేదన్నారు. ఆ పిల్లవాడు ఏం తాగాడో, ఏమయ్యాడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

డ్యూటీ దిగే వేళకు పెద్దమేడమ్ వచ్చి పక్కన కూర్చుంది. "మొదటి ప్రశ్న ఏం తాగాడని కాదు. నీ నెంబరెంత అని. అది నేను నీకు మొదటిరోజే చెప్పాలి, చెప్పలేదు. తప్పు నాదే."

"నేనైనా అడగాల్సింది మేడమ్. అన్నీ అడుగుతానని పేరు నాకు."

"ఇంటికెళ్ళు. రేపు రా." అంతకంటే ఓదార్చడం ఆవిడకు రాదు. మర్నాడు మళ్ళీ రావడానికి పోలీసమ్మకు అది సరిపోయింది.

అక్కడ ఆమెకు బాగా నచ్చిన పని పొద్దున్న పదకొండింటికి మొదలయ్యేది. నిన్న ఫోను చేసినవాళ్ళందరికీ ఇవాళ తిరిగి ఫోను చేసి, ఎలా ఉన్నారని అడగడం. కొందరు విసుక్కునేవాళ్ళు. కొందరు ఇంట్లో అందరినీ పిలిచి మాట్లాడించేవాళ్ళు. ఒకావిడైతే పిల్లవాడు మింగిన గుండీ బయటికొచ్చిందని, కడిగి చొక్కాకు మళ్ళీ కుట్టేశానని కూడా చెప్పింది.

మూడో ఏడు ఒక ఉదయం ఒక తల్లి ఫోను చేసింది. పోలీసమ్మ ముందు నెంబరు రాసుకుంది.

"మా బాబుకి రెండేళ్ళు. నేను వేసుకునే రక్తం మాత్రలు తిన్నాడు. ఎర్రగా ఉంటాయి, మిఠాయి అనుకున్నట్టున్నాడు. వాంతి చేసుకున్నాడు. ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడండీ. మా అత్తగారు ఒక్కసారి అడగమంటే చేశాను, అంతే."

"మంచి పని చేశారు. సీసా చేతిలో ఉందా? కొత్తగా కొన్నప్పుడు ఎన్ని మాత్రలు?"

"ముప్ఫై."

"మీరు మొదలుపెట్టి ఎన్ని రోజులైంది? మధ్యలో మానేశారా?"

"ఎనిమిది రోజులు. రోజుకొకటి. మానలేదు."

"ఇప్పుడు సీసాలో ఉన్నవి లెక్కపెట్టండి. మంచం కింద, సోఫా కింద కూడా చూడమనండి. నేను లైనులోనే ఉంటాను."

ఏడు దొరికాయి. కింద ఒక్కటీ లేదు. అంటే పదిహేను లోపలికి పోయాయి. సీసా మీద రాసింది చదివించింది, పిల్లవాడి బరువడిగింది. పన్నెండు కిలోలు. కాగితం మీద లెక్క కట్టేసరికి పోలీసమ్మ వీపు నిటారుగా అయింది. గొంతు మాత్రం మారనివ్వలేదు.

"అమ్మా, వెంటనే పిల్లల ఆసుపత్రికి బయల్దేరండి. సీసా తీసుకెళ్ళండి."

"ఆడుకుంటున్నాడు కదండీ! వాంతితో పోయుంటాయిలే, సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాక…"

"ఇనుము మాత్రలతో వచ్చిన చిక్కే అదమ్మా. మొదట వాంతులవుతాయి. తర్వాత కొన్ని గంటలు ఏమీ లేనట్టే ఆడుకుంటారు. ఆ గంటల్లోనే అది లోపల రక్తంలో కలుస్తుంది. సాయంత్రానికి మీరు పరిగెత్తినా సరిపోదు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అత్తగారు."

"ఆవిడకివ్వండి."

అత్తగారు ఫోను తీసుకుని ఒకే మాట అడిగింది: "ఆటోలో పోతే చాలా, అంబులెన్సు పిలవాలా?"

"ఏది ముందొస్తే అదెక్కండి."

వాళ్ళు చేరేలోగా పోలీసమ్మ ఆసుపత్రికి ఫోను చేసి, మాత్రలెన్నో, బరువెంతో చెప్పి ఉంచింది. ఎక్స్‌రేలో పిల్లవాడి కడుపులో మాత్రలు వరసగా కనబడ్డాయి. పేగులు కడిగారు, విరుగుడు మందు సెలైనులో ఎక్కించారు. ఒక రాత్రి కష్టమైంది. నాలుగోరోజు పదకొండింటి ఫోనుకు అత్తగారే పలికింది. "ఇంటికొచ్చేశాం. ఇందాకే గోడ మీద గీతలు గీసి తన్నులు తిన్నాడు."

బావ సంగతి ఆ మరుసటి వేసవిలో జరిగింది. ఎండకు నోరెండిపోయి, షాపు బల్ల మీదున్న మంచినీళ్ళ సీసా ఎత్తి గటగటా పోసుకున్నాడు. అందులో ఉన్నది మంచినీళ్ళు కాదు, రంగులు పలచన చేసే థిన్నర్. గుమాస్తాయే పోసిపెట్టాడు, పొయ్యమన్నది బావే. ఆయన మరదలి సెల్లుకు చేశాడు. డ్యూటీలో సెల్లు ఎత్తరు. చివరికి ఆసుపత్రి నెంబరుకే చెయ్యాల్సి వచ్చింది.

"మీ నెంబరు చెప్పండి."

"నేనే! మీ బావని!"

"నెంబరు చెప్పు బావా. లైను తెగిపోతే?"

చెప్పాడు. దగ్గాడు.

"ఏం తాగావు? ఎంత? వయసెంత?"

"నా వయసు నీకు తెలీదా? ఒక్క గుక్క. థిన్నర్. మీ అక్క ఇంట్లోంచి ఉప్పునీళ్ళు తెస్తోంది, కక్కేస్తే పోతుందని."

"వద్దు! కక్కొద్దు. అది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కని ఉప్పునీళ్ళు పారబోయమను. తాగినప్పట్నుంచీ దగ్గుతున్నావా, ఇప్పుడే మొదలైందా?"

"తాగినప్పట్నుంచీ. ఇంతోటి దానికి పెద్దది చెయ్యకు, బజార్లో పరువు పోతుంది."

"దగ్గొచ్చిందంటే కొంచెం అప్పుడే లోపలికి పోయిందన్నమాట. డబ్బా తీసుకుని ఇప్పుడే ఆసుపత్రికి పో బావా. బండి నువ్వు నడపకు."

ఆ గొంతు వినేసరికి బావకు ఎదురు చెప్పబుద్ధి కాలేదట. తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు, జ్వరం వచ్చి తగ్గింది. మూడోరోజు పరామర్శకు వెళ్ళిన మరదల్ని చూసి, "వయసు కూడా అడిగింది నన్ను" అని పక్క మంచం ఆయనకు ఫిర్యాదు చేశాడు. ఇంటికొచ్చాక మాత్రం షాపులో ఖాళీ నీళ్ళసీసాలన్నీ ఏరి పారేయించాడు. అమ్మే ప్రతి థిన్నర్ డబ్బా మీదా ఆసుపత్రి ఫోను నెంబరు చీటీ అంటించాడు. పక్కగది కిటికీలు బాగుచేసే ఆయనకు అద్దెకిచ్చేశాడు.

పెద్దమేడమ్ రిటైరయ్యాక పోలీసమ్మే ఆ గదికి పెద్దయింది. ఇప్పుడు నాలుగు ఫోన్లు, వాటన్నిటికీ నెంబరు కనిపిస్తుంది. అయినా నెంబరు అడిగే మొదలుపెడతారు. జీతం పెరిగింది గాని, పదో అంతస్తు జీతానికి ఇంకా దూరమే. అమ్మ అప్పుడప్పుడూ ఆ లెక్క గుర్తుచేస్తుంది, దెప్పడానికి కాదు, ఊరికే.

కిందటేడు ఆమె చదివిన కాలేజీ వాళ్ళు, చివరి సంవత్సరం పిల్లలకు ఏయే ఉద్యోగాలున్నాయో చెప్పమని పిలిచారు. తను వదిలేసిన వాటి గురించి తను చెబితే న్యాయం కాదనిపించింది ఆమెకు. అందుకని రెప్పుగా పంతొమ్మిదేళ్ళు నిలిచిన ఒకాయన్ని, ఫ్యాక్టరీలో పరీక్షలు చేసే ఒకావిడను వెంటబెట్టుకెళ్ళింది. ఎవరి రోజు ఎలా గడుస్తుందో వాళ్ళే చెప్పారు: ఎన్నింటికి లేస్తారు, ఎంతసేపు నిలబడాలి, సాయంత్రానికి ఏది నొప్పి పుడుతుంది, ఎవరితో మాటపడాలి. రెప్పాయన ఎంత బాగా మాట్లాడాడంటే పదకొండు మంది ఆయన చుట్టూ మూగి నెంబరు రాసుకున్నారు. ఫ్యాక్టరీ ఆవిడ దగ్గరికి ఆరుగురు వెళ్ళారు. పోలీసమ్మ బల్ల దగ్గరికి ఒక్కతే వచ్చింది. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కాలేజీలో చేరిన అమ్మాయి, క్లాసులో అందరికంటే పెద్దది.

పదకొండు మంది వైపు ఒకసారి చూసి పోలీసమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది. లేదని ఆమె కూడా అనదు. తర్వాత ఎదురుగా ఉన్న మనిషికి కుర్చీ జరిపింది.

"మేడమ్, మీ దగ్గర భోజనం ఎన్నింటికి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఫోను మోగనప్పుడు."

"మా ఇంట్లోనూ అంతేలెండి," అంటూ కూర్చుంది, "పిల్లలు ఏడవనప్పుడు."